ప్రగతినగర్‌లో సముద్రం రంగు చూస్తారు

హైదరాబాద్‌కు సముద్రం లేదు. కోస్తాలో వేటకెళ్లే బోట్లకు దారి చెప్పే ఆఫీసు మాత్రం ఇక్కడే, ప్రగతినగర్‌లో ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్. ఆ పేరు అనగానే చాలామందికి సునామీ హెచ్చరికలే గుర్తొస్తాయి. 1999లో మొదలైన ఈ సంస్థకు ఇంకో నిత్యకృత్యం ఉంది: కడలి ఎక్కడ పచ్చబారిందో చూసి మత్స్యకారులకు కబురు పంపడం.

ఆ పచ్చదనం వృక్షప్లవకాలది. విడివిడిగా కంటికి ఆననంత చిన్నవి. అయినా భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వాటి చలవే. వాటిలోని పత్రహరితం నీలి కాంతిని పీల్చుకుంటుంది, ఆకుపచ్చను పెద్దగా ముట్టుకోదు. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం సుమారు 740 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఈ తేడాను పట్టుకుంటుంది. అయితే అక్కడి కెమెరాకు అందే వెలుగులో పదింట తొమ్మిది వంతులు గాలి, ధూళి చెదరగొట్టినదే. సముద్రం పంపిన ఆ కాస్తనూ ఏరి తీయడంలోనే పనితనమంతా ఉంది.

మన తీరం దగ్గర చిక్కు మరీ ఎక్కువ. వరదలప్పుడు అంతర్వేది ముందు గోదావరి ఒండ్రు కలిసిన నీళ్లు పత్రహరితం లెక్కను తప్పుదారి పట్టిస్తాయి. లోపలికి పోతే మరో సంగతి. నదుల మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద పరుచుకుంటుంది, అడుగునున్న పోషకాలను పైకి రానివ్వదు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ప్లవకాలు పలచన. ఇక్కడ కనిపించే ప్రతి పచ్చటి పాయా విలువైనదే.

ఒక మాట గట్టిగా చెప్పాలి: ఉపగ్రహానికి చేప కనిపించదు. మేత కనిపిస్తుంది, మంద కనిపించదు. పత్రహరితం పటాన్నీ, నీటి ఉష్ణోగ్రత పటాన్నీ పక్కపక్కన పెట్టి, చల్లటి నీరూ వెచ్చటి నీరూ ఒరుసుకునే గీతలు వెతుకుతారు. కవళ్లు, కానాగడతలు వంటి చేపలు చేరే అవకాశం ఆ గీతల దగ్గరే. ఫలానా హార్బరు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎంత లోతులో అన్నది తెలుగులోనే తీరానికి చేరుతుంది. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది.

తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. బోట్లు కదిలేది సరిగ్గా నైరుతి మబ్బులు కమ్మే వేళకే. రంగు చూసే కెమెరా మబ్బును దాటి చూడలేదు. మైక్రోవేవ్ పరికరాలకు మబ్బు చాటున నీటి వేడి తెలుస్తుంది గానీ ప్లవకాలు చిక్కవు. పటం ఖాళీగా ఉన్న రోజున కబురూ ఉండదు. రెండు నెలలు ఆదాయం లేని ఇంటికి ఆ తొలి వారాలే ప్రాణం. ఆ ఖాళీని పూడ్చే పరిశోధన మీద మరింత డబ్బు, మరింత బుర్ర పెట్టాలి.