పొదుపు చేసే చెయ్యే పెట్టే చెయ్యి

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. ఆ రెంటికీ చేతిలో ఉన్న డబ్బు ఎన్నడూ చాలదని వారి అనుభవం. పాస్టరుగా నేను ప్రతిష్ఠ ప్రార్థన చేసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. షామియానాలు, బెలూన్లు, బిర్యానీ విందులు, వీడియోలు అన్నీ చూశాను. అంతా అయ్యాక ఇంటి యజమాని పక్కకు పిలిచి, 'అయ్యగారూ, అప్పులు తీరేలా ప్రార్థన చేయండి' అని మెల్లగా అడగడమూ చూశాను. గోడల రంగు ఆరకముందే ఆ ఇంట్లో నిద్ర కరువైందన్నమాట!

ఆమధ్య మరో రకం ఇంటికి వెళ్లాను. భర్తకు పట్నంలో చిన్న ప్రైవేటు ఉద్యోగం ఉండేది. 2020 లాక్‌డౌన్‌లో అది పోయింది. కొన్నాళ్లు అద్దె ఇంట్లోనే ఎలాగో నెట్టుకొచ్చి, ఇక కుదరక భార్యాబిడ్డలతో సొంతూరు చేరాడు. తండ్రి ఇచ్చిన కాస్త స్థలంలో రెండు గదుల రేకుల ఇల్లు వేసుకున్నాడు. ప్రార్థనకు వచ్చినవారికి ఉప్మా, టీ పెట్టారు. చేతులు కడుక్కుంటూ ఒక బంధువు, 'ఈపాటి దానికి ఇంతమందిని పిలవాలా?' అన్నాడు. ఆ మాట ఇల్లాలి చెవిన పడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆ రోజు చెప్పాలని సిద్ధం చేసుకున్న వర్తమానం వేరు. ఆ కళ్లు చూశాక దాన్ని పక్కనపెట్టి, దాదాపు 500 ఏళ్ల కిందటి ఒక ఇల్లాలి సంగతి చెప్పాను. అదే ఇక్కడా చెబుతున్నాను.

చేపల బండిలో వచ్చిన ఇల్లాలు

ఆమె పేరు కేథరిన్ వాన్ బోరా. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ భార్య. 1499లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, పేరుకే గొప్పదైన ఒక పేద జమీందారీ కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే కన్యాస్త్రీల మఠంలో చేర్చారు. లూథర్ బోధలు అక్కడికీ చేరాయి. 1523 ఈస్టరు రోజుల్లో ఆమె, మరికొందరు కన్యాస్త్రీలు చేపల పీపాలు మోసే బండిలో దాక్కుని మఠం దాటి వచ్చారు. వారిలో తొమ్మిదిమంది లూథర్ ఉన్న విట్టెన్‌బర్గ్ చేరారు. రెండేళ్ల తర్వాత, 1525 జూన్ 13న లూథర్ ఆమెను వివాహం చేసుకున్నాడు. ఆయనకు 41, ఆమెకు 26 ఏళ్లు. కట్నం లేదు, పుట్టింటి అండ లేదు.

వారు కాపురం పెట్టిన ఇల్లు, లూథర్ ఒకప్పుడు సన్యాసిగా ఉన్న పాత మఠమే. ఎన్నో గదులున్న ఆ కట్టడంలో సంసారానికి కావలసింది మాత్రం ఒక్కటీ సరిగా లేదు. పెళ్లికి ముందు ఏడాది పాటు తన పడక దులిపినవారే లేరనీ, చెమటకు అది కుళ్లిపోయిందనీ, పగలంతా అలసి రాత్రి దానిమీదే పడి నిద్రపోయేవాడిననీ లూథరే తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఇంటిని ఇల్లుగా చేసే పని కేథరిన్ చేతుల్లో పడింది.

పెద్ద ఇల్లు, చిన్న జీతం

పెళ్లయ్యాక లూథర్‌కు సాక్సనీ ప్రభువు ఇచ్చిన జీతం ఏడాదికి 200 గుల్డెన్లు. గుల్డెన్ అంటే ఆనాటి నాణెం. ఆయన పుస్తకాలు యూరప్ అంతటా అమ్ముడుపోయేవి, ముద్రాపకులు బాగుపడ్డారు. ఆయన మాత్రం వాటికి ప్రతిఫలం పుచ్చుకోలేదు. పైగా ఎవరు వచ్చి చెయ్యి చాపినా ఉన్నది ఇచ్చేసే మనసు. డబ్బు లేకపోతే ఇంట్లోని వెండి పాత్ర అయినా ఇచ్చేవాడు. పెళ్లి కానుకగా ఒక ఆర్చిబిషప్ 20 గుల్డెన్లు పంపితే, విరోధి సొమ్ము వద్దని లూథర్ తిప్పి పంపబోయాడు. కేథరిన్ మాత్రం దాన్ని దాచింది. నెల తిరిగేసరికి కావలసిన ఉప్పూ పప్పూ సంగతి ఆమెకు కదా తెలిసేది!

ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. అందుకే లూథర్ ఆమెను విట్టెన్‌బర్గ్ వేకువచుక్క అని పిలిచేవాడు. ఖాళీ గదుల్లో విద్యార్థులను ఉంచుకుని, భోజనం పెట్టి, వారి దగ్గర డబ్బు తీసుకునేది. కూరగాయల తోట, పండ్ల చెట్లు, చేపల చెరువు, ఆవులు, పందులు, కోళ్లు అన్నీ ఆమె అజమాయిషీలోనే. ఆ దేశంలో ఆ కాలంలో భోజనంతోపాటు తాగే బీరు కూడా ఇంట్లోనే కాచేది. కొనవలసింది పండించుకోవడం, పారేయవలసింది మరో పనికి వాడుకోవడం ఆమె పద్ధతి.

ఇంత పొదుపూ ఎవరి కోసం? ఆమె కన్నది ఆరుగురు బిడ్డల్ని. వీరుగాక తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న బంధువుల పిల్లలు, ఆమె మేనత్త, తలదాచుకోవడానికి వచ్చిన పాస్టర్లు, దారినపోయే బీదలు... ఆ బల్ల చుట్టూ ఎప్పుడూ జనమే. 1527లో ఊరికి ప్లేగు వచ్చి ఎందరో పారిపోతే, వారి ఇల్లు రోగులను చేర్చుకున్న ఆసుపత్రి అయింది. భోజనాల వేళ లూథర్ చెప్పిన సంగతులను విద్యార్థులు రాసి పెట్టుకున్నారు. 'టేబుల్ టాక్' పేరుతో నేటికీ వేదాంత కళాశాలల్లో మేము చదువుకునేది వాటినే. ఆ మాటలు లూథర్‌వి, నిజమే. కానీ ఆ బల్ల మీద అన్నం కేథరిన్‌ది.

రెండు రోజుల ప్రయాణం దూరంలో

1540లో ఆమె ఒక పెద్ద సాహసం చేసింది. విట్టెన్‌బర్గ్‌కు బండి మీద రెండు రోజుల దూరంలో, జుల్స్‌డార్ఫ్ అనే పల్లెలో తన పుట్టింటివారి చిన్న కమతం అమ్మకానికి వచ్చింది. సోదరుడి దగ్గర దాన్ని 610 గుల్డెన్లకు కొన్నారు. పెళ్లినాటి జీతంతో పోలిస్తే అది మూడేళ్ల జీతం పైనే! ఇల్లు పాడుబడి ఉంది. మరమ్మతులకు కలప ఇప్పించమని లూథర్ ప్రభువును అడగవలసి వచ్చింది. కేథరిన్ వారాల తరబడి అక్కడే ఉండి పొలం దున్నించేది, పశువులను చూసుకునేది. ఒళ్లు విట్టెన్‌బర్గ్‌లో, మనసు జుల్స్‌డార్ఫ్‌లో ఉంటాయని భర్త ఉత్తరాల్లో ఆటపట్టించేవాడు. 1546లో తాను చనిపోవడానికి కొద్దిరోజుల ముందు రాసిన ఉత్తరాల్లో కూడా ఆమెను జుల్స్‌డార్ఫ్ దొరసాని అనే పిలిచాడు.

అందరూ అలా నవ్వుతూ అనలేదు. ఆమె పిసినారి అనీ, గర్విష్ఠి అనీ, మగవాడి మీద పెత్తనం చేస్తుందనీ ఆడిపోసుకున్నవారు ఉన్నారు. పొదుపు చేసే ఇల్లాలికి ఈ నింద కొత్త కాదు. ఖర్చు పెడితే దుబారా మనిషి అంటారు, దాచితే పిసినారి అంటారు.

సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని గుణవతి అయిన స్త్రీని గమనించండి. 16వ వచనంలో ఆమె ఒక పొలాన్ని చూసి, ఆలోచించి కొంటుంది. 20వ వచనంలో ఆమె బీదలకు తన చెయ్యి చాపుతుంది. రెంటి మధ్య దూరం నాలుగు వచనాలే. పొలం కొన్న చెయ్యి, పెట్టిన చెయ్యి ఒక్కటే. మొదటిది లేకుంటే రెండోది ఉత్తచెయ్యి. రెండోది లేకుంటే మొదటిది పిడికిలి. లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుడు కూడా కూడబెట్టినవాడే. కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టాలనుకున్నాడు. కానీ ఆ లెక్కలో అతడు తప్ప మరో మనిషి లేడు. ప్రభువు అతణ్ని వెర్రివాడన్నది అందుకే.

మిగిలిన ముక్కలు

'నాకు లేదు కాబట్టి పొదుపు చేస్తున్నాను, ఉంటే ఎందుకు చేస్తాను?' అంటారు కొందరు. అయితే యోహాను 6వ అధ్యాయం చదవాలి. అయిదు రొట్టెలతో అయిదు వేలమందికి పెట్టిన ప్రభువుకు మర్నాడు మరో అయిదు వేలమందికి పెట్టడం కష్టమా? అయినా ఏదీ వృథా కాకూడదని, మిగిలిన ముక్కలు పోగుచేయమని శిష్యులకు చెప్పాడు. పన్నెండు గంపలు నిండాయి. లేమిలో పుట్టిన పొదుపు కాదు అది, ఇచ్చినవాని మీద గౌరవంతో పుట్టిన పొదుపు. మెతుకు పారేయని ఇంట్లోనే అతిథికి మెతుకు దొరుకుతుంది.

షూనేములోని గొప్ప ఇల్లాలు దైవజనుడైన ఎలీషా కోసం మేడమీద ఒక చిన్న గది కట్టించింది (2 రాజులు 4:8-10). అందులో ఆమె పెట్టినవి నాలుగే: మంచం, బల్ల, పీట, దీపం. కలిగిన ఇల్లే, అయినా ఆర్భాటం లేదు. ఆ నాలుగింటి మధ్య దేవుని సేవకుడు విశ్రమించాడు. అప్పు చేసి పప్పు కూడు తింటున్న మన ఇళ్లలో ఎన్ని వస్తువులున్నాయో, వచ్చినవారికి అంత చోటు ఉందా?

పోయినవి, నిలిచినవి

కేథరిన్ పొదుపుకు చివరికి ఏం దక్కింది? ఈ ప్రశ్నను తప్పించుకుని వెళ్లడం న్యాయం కాదు. 1542లో పదమూడేళ్ల కూతురు మగ్దలీనా తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. 1546లో భర్త పోయాడు. ఆ వెంటనే వచ్చిన యుద్ధంలో పిల్లలను తీసుకుని రెండుసార్లు ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి పొలాలు ధ్వంసమయ్యాయి, పశువులు లేవు. అందరికీ పెట్టిన ఆమె, సాయం కోసం డెన్మార్క్ రాజుకు ఉత్తరం రాసుకోవలసి వచ్చింది. అయినా మళ్లీ విద్యార్థులను చేర్చుకుని పొయ్యి రాజేసింది. 1552లో విట్టెన్‌బర్గ్‌కు మళ్లీ ప్లేగు రాగా టోర్గౌ పట్టణానికి బయలుదేరింది. దారిలో గుర్రాలు బెదిరి, బండి మీదనుంచి పడి గాయపడింది. ఆ ఏడాది డిసెంబరు 20న కన్నుమూసింది.

అంత కష్టపడి కొన్న జుల్స్‌డార్ఫ్ కూడా కుటుంబానికి ఎన్నాళ్లో మిగల్లేదు. మరి నిలిచిందేమిటి? ఆమె అన్నం తిని చదువుకున్నవారు నిలిచారు. ఆమె పెంచిన పిల్లలు నిలిచారు. వారిలో పాల్ పేరున్న వైద్యుడయ్యాడు. అన్నిటికీ మించి, పాస్టరు ఇల్లంటే ఎవరైనా తలుపు తట్టగలిగిన ఇల్లు అన్న మాట నిలిచింది. నేటికీ మన పాస్టరమ్మలు ఉన్న కాస్త కూరలో కాసిని నీళ్లు కలిపి మరో ఇద్దరికి వడ్డిస్తారే, ఆ వరుసలో తొలినాటి ఇల్లాలు ఆమె.

అబ్రాహాము వాగ్దాన దేశంలో కూడా గుడారాల్లోనే నివసించాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చెబుతోంది. దేవుడు కట్టే పట్టణం కోసం అతడు ఎదురుచూశాడు. గుడారమని తెలిసినవాడు దాన్ని నిర్లక్ష్యం చేయడు, దానికి తన ప్రాణాన్నీ కట్టేసుకోడు.

మళ్లీ ఆ రేకుల ఇంట్లో

ఆ రోజు నేను చివరగా యిర్మీయా 29వ అధ్యాయం చదివాను. బబులోనుకు చెరగా పోయినవారికి ప్రవక్త రాసిన ఉత్తరం అది. ఇష్టపడి వెళ్లిన ఊరు కాదు. అయినా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుడు చెప్పాడు. 'తమ్ముడూ, నువ్వు ఓడిపోయి ఈ ఊరు రాలేదు. దేవుడు నిన్ను ఇక్కడ నాటాడు' అన్నాను. 'అమ్మా, ఈ రోజు నువ్వు అప్పు లేని ఉప్మా పెట్టావు. ఇంతకంటే రుచైన విందు నేను ఈమధ్య తినలేదు' అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

కొన్ని నెలల తర్వాత అటుగా వెళ్తూ ఆగాను. ఇంటి వెనక మునగ చెట్టు ఎదిగింది, గోంగూర మడి ఉంది, నాలుగు కోళ్లు తిరుగుతున్నాయి. వసారాలో నులకమంచం మీద ఒక ముసలమ్మ కూర్చుని అన్నం తింటోంది. 'మీ అత్తగారా?' అని అడిగాను. 'కాదండీ అయ్యగారూ, పక్కింటి మామ్మ. ఒక్కతే ఉంటుంది. ఇద్దరు పిల్లలకు వండే దాంట్లో ఆమెకో ముద్ద ఎక్కువేమీ కాదు కదండీ' అంది ఆ ఇల్లాలు.

ఆ ఇంటికి అసలైన ప్రతిష్ఠ జరిగింది నా ప్రార్థనతో కాదు, ఆ ముద్దతోనే అనిపించింది.

అప్పటినుంచి కొత్త ఇంటి ప్రార్థనకు ఎవరు పిలిచినా ముందుగా ఆ దంపతులను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ ఇంట్లోకి వచ్చాక రాత్రి నిద్రపట్టేంత అప్పే ఉందా? మిగిలిన ముక్కలు పోగుచేసే గంప ఇంట్లో ఉందా? మీరు నలుగురైతే, అయిదో మనిషికి చోటు ఉందా? మూడింటికీ అవునని చెప్పగలిగితే రేకులైనా, తాటాకులైనా, స్లాబైనా అది దేవుడు కాపురముండే ఇల్లే. ఆయన మన ఇళ్లను అలా దీవించును గాక!