ఎండకు ఒళ్లప్పగించిన చోట్లు

బట్టలు పక్కనబెట్టి ఎండలో, గాలిలో, నీళ్లలో సేద తీరేవాళ్ల సంఘం మొట్టమొదట ఎక్కడ పుట్టిందో తెలుసా? తెలిసినంతలో మన ఠాణేలో! 1891లో అక్కడ జిల్లా జడ్జిగా ఉన్న చార్లెస్ ఎడ్వర్డ్ గోర్డన్ క్రాఫర్డ్ అనే ఆంగ్లేయుడు ‘ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్’ అని దానికి పేరు పెట్టాడు. ఉన్నది ముగ్గురే సభ్యులు. ఇంగ్లండ్‌లోని రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు ఆయన రాసిన ఉత్తరాల వల్ల ఈ ముచ్చట లోకానికి తెలిసింది. కొద్దికాలానికే ఆ సంఘం ఆగిపోయింది. ఆ తర్వాత యూరప్‌లో ఇలాంటి విడిదులు వందల సంఖ్యలో వెలిశాయి. ఇప్పుడు వాటిలో చాలావాటికి గిరాకీ తగ్గిపోయింది. పాలమూరు తిమ్మాజిపేటలో కూర్చుని వాటి గురించి మనకెందుకు అనిపించవచ్చు. వాటి వేళ్లు గాంధీ దాకా, మన తెలుగు పుస్తకాల దాకా, చివరికి మన మోటబాయిల దాకా వచ్చాయి కాబట్టే ఈ విశేషాలన్నీ ఒకచోట చేర్చాను.

గాంధీ చదివిన పుస్తకం

జర్మనీలోని హార్జ్ కొండల్లో అడాల్ఫ్ జస్ట్ అనే ఆయన 1896లో ‘యుంగ్‌బోర్న్’ అనే విడిది తెరిచాడు. చెక్క గుడిసెలు, చుట్టూ గడ్డి మైదానాలు. ఆడవాళ్లకు ఒక తోట, మగవాళ్లకు ఒక తోట. ఎవరి తోటలో వాళ్లు దిగంబరంగా తిరుగుతూ ఎండస్నానం, గాలిస్నానం, మట్టి వైద్యం చేసుకునేవాళ్లు. 1912 వేసవిలో రచయిత ఫ్రాంజ్ కాఫ్కా అక్కడ కొన్ని వారాలున్నాడు. చుట్టూ అందరూ దిగంబరులే అయినా ఆయన మాత్రం ఈత లాగు విడవలేదట.

ఇదే జస్ట్ రాసిన ‘రిటర్న్ టు నేచర్’ పుస్తకం దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీ చేతికి అందింది. పొట్ట మీద తడి మట్టి పట్టీ వేసుకోవడం ఆయన అందులోంచే నేర్చుకున్నాడు. ఆత్మకథలోనూ ఆ సంగతి రాసుకున్నాడు. దిగంబరంగా తిరగడం జోలికి పోకుండా మట్టి, నీరు, ఎండ, ఉపవాసం మాత్రం తీసుకున్నాడు. 1946లో పుణె దగ్గరి ఉరుళికాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమం వెలిసింది కూడా ఆ నమ్మకంతోనే. అంటే జర్మనీలోని దిగంబర విడిదీ, మన ప్రకృతి ఆశ్రమాలూ ఒకే ఊటలోంచి పారిన రెండు కాలువలన్నమాట.

యుంగ్‌బోర్న్ కథ మాత్రం విషాదంగా ముగిసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు, పశ్చిమ జర్మనీల సరిహద్దు సరిగ్గా ఆ పక్క నుంచే పోయింది. 1960లలో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఆ ఇళ్లను నేలమట్టం చేసింది.

హిందీ కంటే ముందే తెలుగులో

జర్మనీలోనే లైప్జిగ్ నగరంలో లూయీ కూనే అనే ఆయన తొట్టి స్నానాలతో వైద్యం చేసేవాడు. ఆయన రాసిన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ పాఠకులకు ఆ పుస్తకం అందింది దాదాపు పదేళ్ల తర్వాతే. మన దేశంలో ప్రకృతి వైద్యం మొదలైన ఏడాదిగా ఇప్పటికీ 1894నే చెబుతారు. ఇది తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి. మన బడి పుస్తకాల్లో దీనికి చోటు దొరకకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అరటాకు స్నానం

హైదరాబాద్ బల్కంపేటలోని ప్రకృతి చికిత్సాలయానికి గానీ, అలాంటి మరే ఆశ్రమానికి గానీ వెళితే ఎండస్నానం ఎలా ఉంటుందో కళ్లారా చూడవచ్చు. ముందుగా కడుపునిండా నీళ్లు తాగిస్తారు. ఎండ బాగా పడే చోట చాప పరిచి, దాని మీద పెద్ద పెద్ద అరటాకులు వేస్తారు. పల్చటి బట్టతో మనిషి పడుకున్నాక మీద మళ్లీ ఆకులు కప్పి, ముక్కుకు గాలి ఆడేలా వదిలి, తాళ్లతో వదులుగా చుడతారు. తలకు తడిగుడ్డ చుడతారు. పది నిమిషాలు గడిచేసరికి ఆకు లోపల చెమట ధారలు కడుతుంది. ఇరవై, ముప్పై నిమిషాల తర్వాత విప్పి చన్నీళ్ల స్నానం చేయిస్తారు. పచ్చని ఆకు అప్పటికి ఉడికినట్టు నల్లబడి ఉంటుంది. సిగ్గూ పోకుండా, ఎండా తప్పకుండా మనవాళ్లు చూసుకున్న దారి ఇది.

ఎండే మందుగా

డెన్మార్క్‌కు చెందిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. చర్మానికి వచ్చే క్షయను ఆయన వెలుగు కిరణాలతో నయం చేసినందుకు అది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లేజాన్ కొండ మీద ఆగస్ట్ రోలియే ఎండ వైద్యశాల తెరిచాడు. క్షయ రోగులను మంచాలతో సహా వరండాల్లోకి తెచ్చి, రోజుకు కాస్త చొప్పున ఒళ్లంతా ఎండ తగలనిచ్చేవాళ్లు.

తెలుగు నేల మీద మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి అలాంటి గాలి, వెలుతురు నమ్ముకుని పుట్టిందే. మన పాలమూరువాళ్లకు దగ్గర్లో వికారాబాద్ అనంతగిరి కొండల మీద నిజాం పాలన చివరి రోజుల్లో క్షయ ఆసుపత్రి కట్టారు. చెట్ల గాలికి జబ్బు తగ్గుతుందని దూరదూరాల నుంచి వచ్చేవాళ్లు.

ఇలాంటి క్షయ వైద్యశాలలు, అంటే శానటోరియాలు, ఎందుకు మూతపడ్డాయో చెప్పే సంగతి చాలామందికి తెలియదు. 1943లో క్షయకు మందుగా పనిచేసే స్ట్రెప్టోమైసిన్ కనుక్కోవడంతో మొదటి దెబ్బ పడింది. రెండోది మన పక్కనే, మద్రాసులో పడింది. 1956లో అక్కడ మొదలైన పరిశోధనలో కొందరు రోగులను శానటోరియంలో ఉంచారు, మరికొందరికి ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. ఇంటి దగ్గర మందు మింగినవాళ్లకూ అంతే బాగా నయమైందని 1959లో తేలింది. ఆ ఫలితంతో ప్రపంచమంతా శానటోరియాల అవసరం తగ్గిపోయింది. ఇప్పుడు అనంతగిరికి జనం సెలవు రోజున ట్రెక్కింగ్ కోసం, బిర్యానీ పొట్లాలతో వస్తున్నారు.

వేడుక రద్దయింది

శానటోరియాల్లాగే దిగంబర విడిదులకూ రోజులు మారాయి. వాటికి పెట్టింది పేరు జర్మనీ. అక్కడ ఈ పద్ధతిని ‘ఎఫ్‌కేకే’ అంటారు. 1949లో ఏర్పడిన ఎఫ్‌కేకే సంఘాల జాతీయ సమాఖ్యలో ఇరవై అయిదేళ్ల కిందట దాదాపు 65 వేల మంది సభ్యులుండేవాళ్లు. ఇప్పుడు 34 వేల లోపే. 75 ఏళ్ల వేడుక జరుపుదామని తలపెట్టి, వచ్చేవాళ్లు చాలక మానుకున్నారు.

ఎందుకిలా? ఉన్న సభ్యులు ముసలివాళ్లవుతున్నారు, కొత్తవాళ్లు చేరడం లేదు. అందరి చేతుల్లో కెమెరా ఫోను ఉన్న ఈ రోజుల్లో తెలియనివాళ్ల మధ్య ఒళ్లు విప్పడానికి ఎవరికైనా భయమే. ఎవరు ఎక్కడ ఫొటో తీస్తారో, అది ఎక్కడ తేలుతుందో తెలియదు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. తూర్పు జర్మనీ సముద్ర తీరాల్లో ఒకప్పుడు ఇది మామూలు విషయం. 1990లో దేశం ఒక్కటయ్యాక పడమటి నుంచి వచ్చిన సెలవుల జనానికి ఈత దుస్తులు కావాల్సి వచ్చాయి. దాంతో దిగంబర తీరాల హద్దులు కుంచించుకుపోయాయి.

ఫ్రాన్స్ కథ కొంచెం వేరు. 1950లో లెకాక్ దంపతులు అట్లాంటిక్ ఒడ్డున మోంతాలివేలో పెట్టిన విడిది ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 1953లో పుట్టింది కూడా అక్కడే. క్రొయేషియాలో కోవెర్సాడా 1961లో తెరుచుకుంది. ఆ దేశంలోనే రాబ్ దీవిలో 1936లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ ఈత కొట్టిపోయాడని అక్కడివాళ్లు నేటికీ చెప్పుకుంటారు.

మన దగ్గర చట్టం

బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడవచ్చు. అయినా దిగంబర జైన మునులు ఊళ్ల మీదుగా నడిచి వెళుతుంటే జనం దారిచ్చి దండం పెడతారు. మనదేశం ఒంటిని చూసే తీరు చట్టం కంటే పాతది, చాలా పెద్దది.

దానికి సాక్ష్యాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలోని గొల్లత్తగుడి ఇటుకలతో కట్టిన పాతకాలపు జైన ఆలయం. అలంపురం మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. దిగంబరంగా ఉన్న ఆ తల్లిని సంతానం కోసం కొలిచేవాళ్లు. ఇక మన తిమ్మాజిపేట మండలం ఆవంచలో ఒకే బండలో చెక్కిన పాతిక అడుగుల గణపతి గుడీ గోపురం లేకుండా పొలాల నడుమ శతాబ్దాలుగా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడ్డాడు.

మోటబాయి దగ్గర

నా దృష్టిలో పాలమూరులో ఎండకూ నీటికీ ఒళ్లప్పగించే అసలైన విడిది మోటబాయి. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జడ్చర్లకూ నాగర్‌కర్నూల్‌కూ నడుమ ఈ ఎర్రనేలల్లో బావి లేని చెలక తక్కువ. ఎద్దులు మోటదారి దిగుతుంటే గిరక కిర్రుమనేది, మోకు బిగిసేది. నిండు బొక్కెన పైకొచ్చి దాని తోలు తొండం తొట్లోకి నీళ్లు వదిలేది. పొద్దంతా అరక పట్టిన రైతు గోచీతో ఆ ధార కింద నిలబడి, కాళ్ల మట్టిని రాయితో రుద్దుకునేవాడు. పక్కనే బావిలో ఈత నేర్చుకునేవాళ్ల నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రో కట్టేవాళ్లు. గట్టు మీదనుంచి దుంకితే నీళ్లు ఒడ్డు దాకా ఎగిరేవి. అక్కడ పెద్దకులం, చిన్నకులం తేడా ఉండేది కాదని నేను చెప్పను. ఉండేది. చాలా బావుల్లో కొందరిని దిగనిచ్చేవాళ్లే కాదు. ఆడవాళ్లకు ఆ సుఖం ఇంకా తక్కువ.

కరెంటు మోటారు వచ్చాక మోట ఆగింది. బోరు వచ్చాక బావి ఎండింది. పక్కన వందల అడుగుల బోరు నీటిని పీలుస్తుంటే నలభై అడుగుల బావిలో ఊట ఎలా నిలుస్తుంది? తడి లేని బావుల్లో కొన్నిటిని పూడ్చేశారు, మిగిలినవి చెత్తతో, ముళ్లకంపతో నిండాయి. ఈత తెలిసినవాళ్లు తగ్గారు. ఇప్పుడు పిల్లలు చెరువుల్లో, కాలువల్లో మునిగిపోయారన్న వార్త ప్రతి వేసవిలో చదువుతున్నాం. జర్మనీ విడిదులు మూతపడితే అక్కడ పోయేది ఒక సరదా. మన బావులు పూడితే పోయేది ప్రాణం కాపాడే విద్య.

కిటికీ అద్దం చాలదు

ఎముకలకు కావాల్సిన విటమిన్ డి తయారవ్వాలంటే ఎండ నేరుగా చర్మానికి తగలాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండతో ఆ పని కాదు. దానికి కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. నల్లని ఒంటికి తెల్లని ఒంటికంటే ఎక్కువసేపు ఎండ కావాలి. చెలకలో పనిచేసే అమ్మకు ఆ విటమిన్ లోటు ముప్పు తక్కువ. నగరంలో ఏసీ గదిలో కూర్చునే ఆమె బిడ్డకు ఎక్కువ. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వడదెబ్బ ముప్పు ఉంటుంది కాబట్టి అప్పుడు జాగ్రత్త పడాలి. మిగతా రోజుల్లో చేతులకూ కాళ్లకూ కాసేపు ఎండ తగలనివ్వండి.

మళ్లీ బావుల మాటకొస్తే, సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తకుప్పగా మారిన మెట్లబావిని లారీల కొద్దీ చెత్త ఎత్తిపోసి, 2022 డిసెంబర్‌లో మళ్లీ నీళ్లతో తెరిచారు. నగరం నడిబొడ్డున అది సాధ్యమైందంటే మన ఊళ్లలో ఎందుకు కాదు? మీ ఊళ్లో పూడని బావి ఒక్కటైనా మిగిలి ఉంటే గ్రామసభలో దాని మాట ఎత్తండి. పూడిక తీయించి, చుట్టూ గోడ కట్టించి, ఈత తెలిసిన పెద్దమనిషిని ఒకరిని దగ్గరుంచి, ఆడపిల్లలతో సహా అందరికీ ఈత నేర్పించండి.