మజ్జ మార్పిడి తర్వాత ఊపిరి లెక్క

తుమ్మలపల్లె అంటే అందరికీ యురేనియం గనే గుర్తొస్తుంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకుని అలాంటి ఊరికి చేరిన మనిషి మాత్రం ముందు పెరట్లోని శెనక్కాయల మూటల సంగతి చూసుకోవాలి. అఫ్లాటాక్సిన్ ఉందని వ్యాపారి సరుకు వెనక్కి పంపుతాడే, ఆ విషానికి కారణమైన ఆస్పర్‌జిల్లస్ బూజే రోగి ఊపిరితిత్తుల్లోనూ పెరగగలదు. దాని రేణువు 3 నుంచి 6 మైక్రాన్లు. కాయలు వలిచేటప్పుడు, పాత గడ్డివాము కదిలించినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించదు.

సీమవాళ్లకు బాగా తెలిసిన వేలూరు సీఎంసీలో ఈ మార్పిడి 1986లో మొదలైంది. చేయించుకున్నవాళ్లలో నూటికి 30 నుంచి 60 మందికి ఏదో ఒక ఊపిరితిత్తుల చిక్కు వస్తుందని వైద్యుల అంచనా. మొదటి నెలలో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు మైక్రోలీటరు రక్తంలో 500 లోపే ఉంటాయి కాబట్టి న్యుమోనియా భయం. తర్వాత వైరస్‌లు. అప్పటికి రోగి చాలావరకు డాక్టర్ల కళ్లముందే ఉంటాడు.

నూరు రోజులు దాటాక వచ్చేదే అసలు చిక్కు. దాత కణాలు రోగి సన్నని శ్వాసనాళాల మీద దాడిచేసి, మచ్చలు కట్టించి మూసేస్తాయి. దీని పేరు బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్. వేరొకరి మజ్జ తీసుకున్నవాళ్లలో సుమారు 5 శాతం మందికి, ఆ దాడి దీర్ఘకాలం సాగేవాళ్లలో 14 శాతం మందికి వస్తుంది. మొదట్లో జ్వరముండదు, ఎక్స్‌రే బాగానే కనిపిస్తుంది. గొట్టంలోకి బలంగా ఊదితే మొదటి సెకనులో మూడు లీటర్ల గాలి వదిలిన మనిషి 2.1 లీటర్లకు దిగుతాడు. అంటే 30 శాతం పోయినట్టే. మిట్ట ఎక్కితే ఆయాసమొచ్చినా, నీరసమేలే అనుకుంటాడు. మూసుకుపోయిన నాళం మళ్లీ తెరుచుకోవడం అరుదు. అందుకే మూడు నెలలకోసారి ఈ ఊదుడు పరీక్ష చేయించుకోవాలి. ఛార్జీలు దండగ అని మానేయకూడదు.

తొందరగా పట్టుకుంటే ఫలితముంది. 2016లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 36 మందికి ఫ్లూటికాసోన్, అజిత్రోమైసిన్, మాంటెలూకాస్ట్ కలిపి, కొద్దిరోజులు స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. మూడు నెలల్లో జబ్బు ముదిరింది 6 శాతం మందికే. అంతకుముందు లెక్క 40 శాతం.

అలాగని దగ్గు రాగానే మందుల షాపులో అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకోవడం వేరే ప్రమాదం. ఈ జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా దాన్ని నెలల తరబడి ఇచ్చి చూసిన ఫ్రాన్స్ పరీక్షలో, మార్పిడికి కారణమైన రక్త క్యాన్సర్ తిరగబెట్టినవాళ్లు సుమారు 33 శాతం, ఉత్తి మాత్ర మింగినవాళ్లలో 21 శాతం. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ వాడకంపై హెచ్చరిక జారీ చేసింది.