ఇంటర్వ్యూకి ఏం వేసుకెళ్దాం?

క్యాంపస్ నియామకాలు మొదలయ్యాయంటే ఇంజనీరింగ్ హాస్టళ్లలో కోడింగ్ ప్రశ్నల తర్వాత అందరినీ సతాయించేది బట్టల సంగతే. టై కట్టాలా? కోటు అద్దెకు తేవాలా? జీన్స్ మీద చొక్కా టక్ చేస్తే సరిపోతుందా? సీనియర్‌ది ఒక మాట, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ది ఇంకో మాట, ఇంట్లో మేనమామది మరో మాట. నిజానికి ముగ్గురూ తాము చూసిన కాలానికి సరైన మాటే చెబుతున్నారు. మారిపోయింది ఆఫీసులు.

ఐబీఎం అంటే ఒకప్పుడు ముదురు రంగు సూటు, తెల్ల చొక్కా. 1995లో లూ గెర్‌స్ట్‌నర్ హయాంలో ఆ కట్టుబాటు పోయింది. ఇన్ఫోసిస్ 2015 జూన్ నుంచి వారమంతా బిజినెస్ క్యాజువల్స్‌లో రావచ్చని తన ఉద్యోగులకు చెప్పింది. సూట్లకు పెట్టింది పేరైన గోల్డ్‌మన్ శాక్స్ కూడా 2019లో పట్టు సడలించింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో కుర్రాళ్లుగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఇప్పుడు ఇంటర్వ్యూ బల్లకు అటువైపు కూర్చుంటున్నారు. వాళ్లలో చాలామంది ఒంటిమీద పోలో టీషర్టే ఉంటుంది. దాన్ని చూసి మనమూ అలాగే వెళ్లొచ్చనుకోవద్దు. ఆ టీషర్టు వెనక పాతికేళ్ల అనుభవం ఉంది. మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్నవారికి ఆ వెసులుబాటు ఇవ్వకపోవడం న్యాయం కాదు. కానీ ఇవాళ్టికి ఉన్నమాట అది.

అందుకే నేను నమ్మే లెక్క ఒకటే. ఆ ఉద్యోగంలో రోజూ వేసుకునే బట్టలకన్నా ఒక్క మెట్టు పైన ఉండాలి, రెండు మెట్లు వద్దు. టీషర్టుల ఆఫీసుకి కాలర్ చొక్కా, చొక్కాల ఆఫీసుకి కోటు. అంతవరకే. మరి లోపల రోజూ ఏం వేసుకుంటారో ఎలా తెలుస్తుంది? ఊళ్లో ఉంటే సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. లింక్డిన్‌లో కంపెనీ పెట్టే ఫొటోలు చూడొచ్చుగానీ, అవి ఎక్కువగా దీపావళి రోజునో వార్షికోత్సవం రోజునో తీసినవి. అన్నిటికన్నా నమ్మకమైన దారి, ఇంటర్వ్యూ ఖరారు చేసిన హెచ్‌ఆర్ వారినే అడగడం. "మేడమ్, డ్రెస్ విషయంలో ఏమైనా నియమం ఉందా?" అని అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు.

ఉద్యోగాన్ని బట్టి ఈ మెట్టు ఎంత మారుతుందో చూడండి. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ప్లాంటు ఉద్యోగానికి వెళితే మాటల మధ్యలో లేచి "రండి, షాప్‌ఫ్లోర్ చూద్దాం" అనొచ్చు. అక్కడ సూటు పనికిరాదు, పాదం మొత్తం కప్పే బూటు కావాలి. వేలాడే చున్నీ, గాజులు యంత్రాల దగ్గర ప్రమాదం. స్టార్ హోటల్ ఫ్రంట్ ఆఫీసులో కోటే రోజువారీ బట్ట, కాబట్టి అక్కడ కోటు వేసుకుంటే అతి అనిపించదు. తెలంగాణలో గ్రూప్-1కి 2022లో ఇంటర్వ్యూలు ఎత్తేశారుగానీ సివిల్స్‌కి ఇంకా ఉన్నాయి. 2,025 మార్కుల్లో 275 ఢిల్లీ ధోల్‌పూర్ హౌస్‌లోని ఇంటర్వ్యూ గదిలోనే తేలతాయి. జనవరిలో పిలుపు వస్తే మన కోస్తా పిల్లలకు కోటు మర్యాదకే కాదు, చలికీ కావాలి. ఎండ ముదిరాక పిలుపు వస్తే అదే ఉన్ని కోటులో ఉడికిపోతారు. పలుచని బట్టతో కుట్టించుకోవడం మేలు.

ధర కాదు, కొలత

అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లో పొద్దున్నే ఇస్త్రీ బండి దగ్గర నిలబడితే ఈ తతంగమంతా కళ్లకు కడుతుంది. బనియన్ మీద తువ్వాలు కప్పుకున్న కుర్రాడు తెల్ల చొక్కా కోసం ఎదురుచూస్తుంటాడు. "ఇంటర్వ్యూనా బాబూ?" అని, జవాబు కోసం చూడకుండానే ఇస్త్రీ ఆయన కాలర్ మీద, కఫ్‌ల మీద పెట్టెను రెండోసారి తిప్పుతాడు. ఎదుటివారి చూపు ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు.

చొక్కా ఖరీదు ఎవరూ అంచనా వేయరు. భుజం కుట్టు మోచేతివైపు జారిందా, కూర్చోగానే గుండీల మధ్య చొక్కా నోరు తెరుస్తోందా అన్నవి మాత్రం కనిపిస్తాయి. పై గుండీ పెట్టాక మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ప్యాంటు పొడవెక్కువైతే మడిచి పిన్ను పెట్టొద్దు, ఆల్టరేషన్ షాపులో కాసేపటి పని అది. కొత్త కోటు కొంటే వెనక చీలిక దగ్గర అడ్డంగా వేసిన దారం కత్తిరించండి. షాపులో మడత చెడకుండా వేసిన తాత్కాలిక కుట్టు అది. చేతి అంచున బయటికి కుట్టిన కంపెనీ పట్టీ కూడా తీసెయ్యాల్సిందే. వేలు పోసి కొన్న కోటు మీద ఈ రెండూ అలాగే ఉండిపోవడం ఎన్నోసార్లు చూశాను. చెప్పేవాళ్లు లేకే ఆ ఇబ్బంది. కొత్త బూట్లు వారం ముందు నుంచే గదిలో వేసుకుని తిరగండి. మడమ ఒరుసుకుపోతుంటే ఎంత చదివినా జవాబు మీద ధ్యాస నిలవదు.

అమ్మాయిలకు ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ప్యాంటు, కోటు వేసుకుంటేనే కార్పొరేట్ అనీ, చీర కడితే పాతకాలమనీ కొన్ని శిక్షణ కేంద్రాల్లో నూరిపోస్తుంటారు. నేను ఒప్పుకోను. సన్నంచు మంగళగిరి నూలు చీరకన్నా హుందా అయిన ఆఫీసు బట్ట ఏముంది? గంజి పెట్టి కడితే మధ్యాహ్నం దాకా కుచ్చిళ్లు చెదరవు. చీర అలవాటు లేకపోతే ముదురు రంగు చుడీదార్ అంతే మర్యాద. కట్టుకుని మెట్రో ఎక్కగలగాలి, మెట్లు దిగగలగాలి, మాటిమాటికీ పవిట సర్దుకోకుండా అరగంట కూర్చోగలగాలి. ఇంట్లో ఒకసారి కట్టుకుని కుర్చీలో కూర్చుని చూసుకుంటే తేలిపోతుంది.

చెప్పాల్సింది కంపెనీలే

ఇంత చెప్పాక కూడా నా మనసులో ఒక మాట మిగిలే ఉంది. తల్లిదండ్రులు ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకు ఇవన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. నారాయణపేట నుంచో పాడేరు నుంచో తమ ఇంట్లో మొదటిసారి ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లకు తెలియవు. తెలియక భయపడి, ఒక్క పూట కోసం స్నేహితుడి కోటు అరువు తెచ్చుకుంటారు. అందులో ఇరుకు పడుతూ కూర్చుంటారు. ఆ ఇబ్బంది చూసి ఆత్మవిశ్వాసం తక్కువని ప్యానెల్ రాసుకుంటే నష్టపోయేది ఇద్దరూ. సర్టిఫికెట్ల జిరాక్సులు ఎన్ని కావాలో, ఏ గేటు నుంచి రావాలో పిలుపు మెయిల్‌లో వివరంగా రాసే కంపెనీలు బట్టల గురించీ ఒక వాక్యం రాయాలి. "కాలర్ చొక్కా, మామూలు ప్యాంటు చాలు. చీర, చుడీదార్ ఏదైనా సరే. కోటు, టై అవసరం లేదు." ఇది రాయడానికి హెచ్‌ఆర్‌కు పైసా ఖర్చు లేదు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు ఈ ఏడాది కంపెనీలను కాలేజీకి పిలిచేటప్పుడే ఆ వాక్యం అడిగి తీసుకుని నోటీసు బోర్డు మీద పెట్టొచ్చు.