లఘుగ్రహ నామ విచారము

శబ్దములు అర్థమునందుఁ బ్రవర్తించుటకు జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ యని నాలుగు నిమిత్తములను మహాభాష్యకారుఁడు చెప్పియున్నాఁడు. గోవు జాతిశబ్దము, శుక్లము గుణశబ్దము, చలము క్రియాశబ్దము, డిత్థుఁడు యదృచ్ఛాశబ్దము. మొదటి మూఁటియందును వస్తుధర్మ మేదో యొకటి శబ్దమునకుఁ దోడుపడును. నాలుగవదానియందు మాత్రము పేరిడినవాని యిచ్ఛయే ప్రమాణము. ఆ యిచ్ఛ యెచ్చటనైన వ్రాసి యుంచఁబడనిచో నర్థ మేమగునో తెలిసికొనుటకు సూర్యునిచుట్టుఁ దిరుగు లఘుగ్రహముల నామావళి గొప్ప నిదర్శనము.

కుజ బృహస్పతుల కక్ష్యల నడుమ మొదటి లఘుగ్రహమును 1801 జనవరి 1వ తేదిని సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమునఁ బియాజ్జి యను జ్యోతిష్కుఁడు కనుఁగొనెను. ఆయన దానికి 'సెరీస్ ఫెర్డినాండియా' యని పేరిడెను. సెరీస్ రోమకుల సస్యదేవత. రెండవ పదము ఆ దేశపు రాజగు ఫెర్డినాండును స్మరించునది. ఇతర దేశముల పండితులు రాజు పేరు విడిచి దేవత పేరు మాత్రము గ్రహించిరి. 2006 మొదలు సెరీస్ వామనగ్రహములలోఁ జేరినను, లఘుగ్రహముల పట్టికలో మొదటి సంఖ్య నేఁటికిని దానిదే. పిమ్మట 1802లోఁ బల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా కనఁబడెను. ఇవన్నియు దేవీనామములే యగుటచే, స్త్రీనామములే యిడవలె నను నాచార మేర్పడెను.

ఈ యాచారమునకు మొదటి చిక్కు 1850లో వచ్చినది. లండనులో హైండు అను నాయన తాను కనుఁగొన్న పండ్రెండవదానికి విక్టోరియా యని పేరిడెను. రాజ్యమేలుచున్న రాణి పేరు గ్రహమునకుఁ దగదని యమెరికాలోఁ గొంద ఱాక్షేపించిరి. విక్టోరియా యనునది రోమకుల విజయదేవత పేరని సమాధానము. ఒక్క శబ్దమునకు రెండర్థము లుండఁగా వివక్షితమేదియో నామకర్తయే చెప్పవలె ననుటకు నిది చక్కని యుదాహరణము.

వ్యాకరణము చదివినవారికి వింతగాఁ దోఁచు విషయ మింకొకటి కలదు. 1858లో గోల్డుష్మిటు కనుఁగొన్న 54వదానిని హంబోల్టు పండితుని గౌరవార్థము, ఆయన పేరగు అలెగ్జాండరును స్త్రీరూపము చేసి, అలెగ్జాండ్రా యనిరి. 1898లో బెర్లినునఁ గనఁబడిన 433వది భూమికి మిక్కిలి చేరువకు వచ్చుటచేఁ దక్కినవానికంటె వేఱుగా నుండెను; దానికే మొట్టమొదట ఈరాస్ అను పురుషదేవత పేరు పెట్టిరి. అనఁగా లింగభేదము కక్ష్యాభేదమును దెలుపు చిహ్నమయ్యెను. 1923లోఁ గనఁబడిన వేయవదానికిఁ బియాజ్జి పేరిడునపుడును 'పియాజ్జియా' యని స్త్రీప్రత్యయము చేర్చిరి. ఇది మన తద్ధితమువంటిది. పుత్రునకుఁ గృదంతమగు పేరే యిడవలెను గాని తద్ధితాంతము వలదని యాజ్ఞికుల మతమును మహాభాష్యము పస్పశాహ్నికమునఁ బేర్కొన్నది. ఆ నియమము పాశ్చాత్యుల కక్కఱలేకపోయెను. 1960లోఁ గనఁబడిన రెండువేలవదానికి మాత్రము హెర్షెల్ అనియే, ప్రత్యయ మేమియు లేకయే, పేరు వచ్చినది. ఇట్లు స్త్రీలింగ నియమము క్రమముగా లోపించెను.

బృహస్పతి కక్ష్యయందే యాతనికి ముందు అఱువది యంశల దూరమునను, వెనుక నంతటి దూరమునను రెండు గుంపులు తిరుగుచున్నవి. 1906లో హైడెల్బర్గున వుల్ఫు కనుఁగొన్న 588వదానికి అకిలీస్ అను పేరు రాఁగాఁ, దక్కినవానికిని ట్రాయ్ యుద్ధవీరుల పేరులే యిడఁజొచ్చిరి. ముందు గుంపు గ్రీకుల శిబిరము, వెనుక గుంపు ట్రాయ్‌వారి శిబిరము అని విభాగము చేసిరి. కాని ట్రాయ్ వీరుఁడగు హెక్టరు గ్రీకుల నడుమను, గ్రీకువీరుఁడగు పెట్రోక్లస్ ట్రాయ్‌వారి నడుమను నేఁటికిని ఉన్నారు. భారతకథలో యుయుత్సుఁడు పాండవపక్షము చేరినట్లు వీరు పక్షము మాఱినవారు కారు. వీరి పేరులు ముందు పుట్టినవి, నియమము తరువాతఁ బుట్టినది. లోకమున నెలకొన్న పేరును నియమము కొఱకు మార్చకుండుట శాబ్దికులకు సమ్మతమే.

నేఁటి పద్ధతి యిది. క్రొత్తగాఁ గనఁబడినదానికి మొదటఁ దాత్కాలిక సంజ్ఞ యొకటి యిత్తురు. మద్రాసు రాష్ట్రము నేఁడు తమిళనాడైనది గదా. అందలి కావలూరు వేధశాలలో 1988 ఫిబ్రవరి 17వ తేదిని రాజమోహన్ కనుఁగొన్నదాని సంజ్ఞ '1988 డీ క్యూ 1'. మాసమును రెండు సగములుగా విభజించి 'ఏ' మొదలు లెక్కించినచో 'డీ' ఫిబ్రవరి ఉత్తరార్ధమును దెలుపును. 'ఐ' అను నక్షరమును విడిచినచో 'క్యూ' పదునాఱవది. చివరి యంకె యిరువదియైదక్షరముల యావృత్తి యొకటి గడచెనని చెప్పును. కావున నది యా యర్ధమాసమున నలువదియొకటవది. కక్ష్య నిశ్చితమైన పిమ్మట దానికి 4130 అను స్థిరసంఖ్యయు, ఆపైని గణితవేత్తయగు రామానుజన్ పేరును వచ్చినవి.

సంఖ్య వచ్చినది మొదలు పదియేండ్లవఱకుఁ బేరు సూచించు నధికారము కనుఁగొన్నవానిది. అంగీకరించుట అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సంఘమువారి యుపసంఘముయొక్క పని. పేరు రోమక లిపిలోఁ బదునాఱక్షరములు మీఱరాదు, ఉచ్చరింపఁదగినదై యుండవలెను, ఎవ్వరిని నొప్పింపరాదు, ఉన్న పేరులను మిక్కిలి పోలరాదు. రాజకీయములచేతను యుద్ధములచేతను బ్రసిద్ధులైనవారి పేరులు వారు గతించి నూఱేండ్లు గడచినఁగాని యిడరాదు. 2309వదానికి నొకాయన తన పిల్లి పేరు పెట్టిన పిదపఁ, బెంపుడు జంతువుల పేరులు వలదని హితవు చెప్పిరి. వీని యన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు: పేరుతోడ దాని హేతువును దెలుపు చిన్న నిర్వచన వాక్యమును సమర్పింపవలెను, అదియుఁ బ్రకటింపఁబడును. 2024 నాఁటికే స్థిరసంఖ్య గలవి యేడు లక్షలు మించినవి. వానిలోఁ బేరు గలవి యిరువదింట నొకటియైనను లేవు.

నిర్వచన వాక్య మేల యావశ్యకమో మద్రాసు నగరమునఁ బుట్టిన యొక పేరే చెప్పఁగలదు. తెలుగు జిల్లా లనేకము లా రాజధాని పాలనలో నున్న కాలమున, అచ్చటి జ్యోతిశ్శాలలోఁ బోగ్సన్ అను నాయన 1861లో 67వదానిని గనుఁగొని, ఆసియా ఖండమునుండి కనఁబడిన మొదటిది యగుటచే నాసియా యని పేరిడెను. 1866లో నాయనయే కనుఁగొన్న 87వది సిల్వియా. అది ఫ్రెంచి జ్యోతిష్కుఁడగు ఫ్లమారియను భార్యయైన సిల్వీ పేరని తరువాతఁ గొందఱు వ్రాసిరి. శబ్దసామ్య మున్నది, వృత్తిసంబంధ మున్నది. ఐనను ఆ వివాహము జరిగినది 1874లో! పోగ్సన్ తన ప్రకటనలోనే రోమునగర నిర్మాతలగు కవలల తల్లి రియా సిల్వియాను బేర్కొనియుండెను. ఆ వాక్యము నిలిచియుండుటచే నర్థము నిలిచినది. 2001, 2004 వత్సరములలో నా గ్రహమునకు రెండుపగ్రహములు కనఁబడఁగా, రోములస్, రీమస్ అని తల్లికిఁ దగిన బిడ్డల పేరులే యిడఁగలిగిరి.

కావున బడులలోఁ బాఠము చెప్పు పండితులకు నా మనవి యిది. 1930లో బెల్జియమునఁ గనఁబడిన 1170వదాని పేరు శివ. 1986లో అమెరికాలోఁ గనఁబడిన 4034వదాని పేరు విష్ణు. విష్ణుశబ్దమునకు వ్యాప్తి యర్థము, ఆ గ్రహము భూకక్ష్యను దాఁటి వ్యాపించుచున్నది, కావుననే యా పేరని యొకఁడు చెప్పవచ్చును. అది చమత్కారమగును గాని నిర్వచనము కాదు. దేవతానామమునకు మన ధాతువులు ప్రమాణము. ఆ నామము గ్రహమునకు వచ్చుటకు నామకర్త వ్రాఁతయే ప్రమాణము.

జాతినామమందును నీ మెలకువ వలయును. తెలుఁగున వ్యాపించిన 'గ్రహశకలము' అను పదము, పగిలిన మహాగ్రహపు ముక్కలే యివి యని ఓల్బర్సు చేసిన యూహకుఁ దగినది. ఆ యూహను నేఁటివా రంగీకరింపరు; బృహస్పతి యాకర్షణముచే నొక్క గ్రహముగాఁ గూడలేక మిగిలిన పదార్థ మిదియని వారి నిశ్చయము. వీనిలో ననేకము లొండొంటిని దాఁకి పగిలినవే యైనను, అన్నియు నొక్కదాని ముక్కలు గావు. కావున 'గ్రహశకలము'ను రూఢిగా మాత్రము వాడి, యోగార్థమును బాలురకు బోధింపకుండుటయో, 'లఘుగ్రహము' అని చెప్పుటయో మేలు. పేరు పలుకుటతోఁ బాఠము ముగియదు. ఆ పే రెవరు, ఎప్పుడు, ఏల యిడిరో చెప్పినఁగాని యదృచ్ఛాశబ్దమున కర్థము చెప్పినట్లు గాదు.