నీటి అడుగున ఛాయాచిత్రణము

పెద్దపల్లి జిల్లా సముద్రమునకు చాల దూరమున ఉన్నది. అయినను నీటి అడుగున తీసిన చేపల ఫొటోలు, పగడపు దిబ్బల ఫొటోలు ఇప్పుడు ఇంటింట సెల్‌ఫోనులో కనబడుచున్నవి. సెలవులలో విశాఖపట్నమునకో, అండమాను దీవులకో పోయి, శిక్షణ పొంది, కెమేరాతో నీట మునిగి వచ్చెడి తెలుగువారును ఉన్నారు. గాలిలో తీసినంత సులభముగా నీటిలో ఫొటో ఎందుకు తీయలేము? ఉన్నత పాఠశాలలో చెప్పెడి భౌతికశాస్త్రమే దీనికి సమాధానము చెప్పగలదు. ఫొటో బాగుండవలెనన్న తీసెడివాడు వస్తువునకు మిక్కిలి దగ్గరగా పోవలెనని ఆ శాస్త్రము చెప్పుచున్నది. చిక్కు కూడ అక్కడనే ఉన్నది. అంత దగ్గరగా పోయినవాని వల్లనే అక్కడి ప్రాణులకు హాని కలుగును.

రంగులు ఎక్కడికి పోవును?

సూర్యకాంతిలో ఏడు రంగులున్నవని మనకు తెలియును. నీరు వీటినన్నిటిని సమానముగా పోనీయదు. ముందుగా ఎరుపును పీల్చివేయును. నిర్మలమైన సముద్రములో సైతము అయిదారు మీటర్ల లోతునకే ఎరుపు చాలవరకు తగ్గిపోవును. తరువాత నారింజ, పసుపు రంగులు క్షీణించును. చివరకు మిగులునది నీలము. అందుచేతనే లోతున చేతికి గాయమైనచో రక్తము ఎర్రగా గాక నల్లగానో, ఆకుపచ్చగానో కనబడును.

దీనికి ఉపాయము కృత్రిమ దీపము, అనగా ఫ్లాష్. కాని ఫ్లాష్ కాంతి కూడ నీటిలోనే పోవలెను, నీటిలోనే తిరిగి రావలెను. వస్తువు 1 మీటరు దూరమున ఉన్న, కాంతి 2 మీటర్ల నీటిని దాటును. 3 మీటర్ల దూరమున ఉన్న, 6 మీటర్లు దాటును. కాబట్టి అనుభవజ్ఞులు మీటరు దూరములోపలనే ఫొటో తీయుదురు.

ఇంకొక చిక్కు నీటిలో తేలెడి సన్నని మట్టి, సూక్ష్మజీవులు. ఫ్లాష్ కెమేరా పక్కనే ఉన్నచో ఆ రేణువులు వెలుగును నేరుగా కటకములోనికి త్రిప్పి కొట్టును. ఫొటోలో మంచు కురిసినట్లు తెల్లని చుక్కలు పడును. రాత్రివేళ పొగమంచులో మోటారుబండి దీపము వేసిన ఇట్లే జరుగును. అందువలన ఫ్లాషులను పొడవైన చేతులకు అమర్చి, కెమేరాకు దూరముగా, ప్రక్కనుండి వెలుగు పడునట్లు ఉంచుదురు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

నీటి వక్రీభవన గుణకము సుమారు 1.33. ఒక గాజు తొట్టిని నీటితో నింపి, 40 సెంటీమీటర్ల దూరపు గోడవద్ద ఒక నాణెము నిలిపి, ఎదుటి గోడనుండి తిన్నగా చూడుడు. నాణెము 30 సెంటీమీటర్ల దూరముననే ఉన్నట్లు తోచును. చదునైన గాజు వెనుకనున్న కెమేరాకును ఇట్లే కనబడును. వస్తువు దగ్గరగా, పెద్దదిగా కనబడును. దృశ్యపు వెడల్పు తగ్గును. నాభ్యంతరము 28 మి.మీ. ఉన్న కటకము నీటిలో దాదాపు 37 మి.మీ. కటకమువలె పనిచేయును. కెమేరా ముందు గోళాకారపు గాజు అమర్చినచో కిరణములు దాదాపు లంబముగా ప్రవేశించును గనుక ఈ నష్టము తీరును.

అదే నీటిలో కొన్ని పాలచుక్కలు కలిపి, తొట్టికి వెలుపలనే సెల్‌ఫోను ఉంచి, ఒకసారి ఫోను ఫ్లాషుతో, ఒకసారి తొట్టి ప్రక్కనుండి టార్చి వేసి ఫొటో తీయుడు. దీపమును ప్రక్కకు ఎందుకు జరుపుదురో విద్యార్థులకు కంటితో తెలియును.

కెమేరాపై పడెడి బరువు

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనము అధికమగును. అనగా ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువు అదనముగా పడును. కెమేరా పెట్టె వెనుక పలక 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు ఉన్నదనుకొందము. 30 మీటర్ల లోతున లోపలి గాలి పీడనము పోగా దానిపై సుమారు 450 కిలోగ్రాముల బరువు మిగులును! ఇంత బరువును ఆపి, నీరు చొరకుండ కాపాడునది ఒక సన్నని రబ్బరు వలయము. దానిపై ఒక వెండ్రుకగాని, ఇసుక రేణువుగాని చిక్కుకొన్నచో నీరు లోపలికి వచ్చును. అందుచే మొదట ఖాళీ పెట్టెలో పొడి కాగితముంచి, నీట ముంచి పరీక్షించుట మంచి అలవాటు.

1893లో ఫ్రాన్సు దేశపు జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూటాన్ బాన్యుల్స్ తీరమున సముద్రములో ఫొటోలు తీసెను. 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనువారలు, మునిగినవాడు పీల్చినప్పుడే చుట్టునున్న పీడనమునకు సమానముగా గాలినిచ్చెడి కవాటమును రూపొందించిరి. 1963లో వేరే పెట్టె అక్కరలేని నికోనోస్ కెమేరా వచ్చెను. దాని తయారీ 2001లో నిలిచిపోయినది. నేడు చిన్న డిజిటల్ కెమేరాలే అభిరుచి గలవారికి చాలుచున్నవి.

ప్రాణము ముందు, ఫొటో తరువాత

పీడనము కెమేరాపైననే గాక మన ఊపిరితిత్తులపైనను పనిచేయును. 10 మీటర్ల లోతున సిలిండరునుండి పీల్చిన 3 లీటర్ల గాలి, బాయిలు నియమము ప్రకారము, పైకి వచ్చునప్పటికి 6 లీటర్లగును. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినవాని ఊపిరితిత్తులు చీలవచ్చును. కాబట్టి ఎడతెగక శ్వాసించుచు, మెల్లగా పైకి రావలెను. తోడు లేకుండ మునుగరాదు. ప్రారంభ శిక్షణ పొందినవారికి 18 మీటర్లు హద్దు. శరీరమును నీటిలో నిలకడగా తేల్చుట బాగుగ అలవడిన పిమ్మటనే కెమేరా పట్టవలెను.

ఎక్కడ మునుగవచ్చును?

విశాఖపట్నపు ఋషికొండ తీరమున శిక్షకులు ఉన్నారు. కర్ణాటకలోని నేత్రాణి దీవి, లక్షద్వీపములు, అండమానులోని స్వరాజ్ ద్వీపము పేరుపొందిన చోట్లు. స్వరాజ్ ద్వీపమునకు 2018 వరకు హావెలాక్ అని పేరు. వానకాలమున నదులు మట్టినీటిని బంగాళాఖాతములో కలుపును గనుక ఆ కాలము మన తీరమున ఫొటోలకు అనువైనది కాదు.

విశాఖ రేవు వెలుపల 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఉన్నది. అందలివారందరును మరణించిరి. అది సమాధివంటిది, వినోదస్థలము కాదు. ఏ ఓడ శిథిలమునుండియు గురుతుగానైనను ఒక మేకును తీయరాదు.

తాకరాదు

గుండ్రాళ్ళవలె పెరిగెడి పగడములు సంవత్సరమునకు ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగును. ఈతరెక్క ఒక్కసారి తగిలి జానెడు ముక్క విరిగినచో అది తిరిగి పెరుగుటకు సుమారు ఇరవై ఏండ్లు పట్టును. గట్టి పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో ఉన్నవి. విరుచుట, సేకరించుట నేరము. తాబేలు గాలి పీల్చుటకు పైకి రావలసిన ప్రాణి. దాని దారికి అడ్డుపడరాదు. ఫొటో కొరకు ఒక ప్రాణిని రాతి క్రిందినుండి లాగుట, ఒకే చేపపై పదేపదే ఫ్లాషు వేయుట తగదు. దగ్గరకు రానీయని ప్రాణిని వదలివేయవలెను.

మన గోదావరి మాట కూడ చెప్పుకొనవలెను. మంథనికి సమీపమున నదీతీరమున శివ్వారం అభయారణ్యము మంచినీటి మొసళ్ళ కొరకు ఏర్పడినది. అక్కడ నీటిలో దిగుట వానికిని మనకును అపాయము. ఎల్లంపల్లి జలాశయమున, నీరు నిండిన క్వారీ గుంటలలో కెమేరాతో దిగుట కూడ ప్రాణాపాయమే. అక్కడ లోతు తెలియదు, ఎదుట ఏమున్నదో కనబడదు. గాజు తొట్టిలో నాలుగు చేపలనుంచి, వెలుపలినుండియే వాని కదలికలను ఓపికతో ఫొటో తీయుట మన విద్యార్థులు మొదట నేర్వవలసిన పాఠము. తొట్టిని తట్టకుండ, చేపలను బెదరింపకుండ, అవి దగ్గరకు వచ్చువరకు వేచియుండుట అలవడినవారికి, ముందు ముందు సముద్రములో కూడ ఆ ఓపికయే ఉపయోగపడును.