మొహాలు కనబడని చోట 'మనం' ఎట్లా తయారవుతుంది?

కంప్యూటర్ ముందు కూచుంటే కులం కనబడదనీ, పనితనం ఒక్కటే కనబడుతుందనీ ఒక వాదన చాలాకాలంగా వినబడుతోంది. తలా ఒకచోట వుండి తెర మీద మాత్రమే కలిసి పనిచేసే బృందాలకు యిది మరీ వర్తిస్తుందంటారు. మొదటి తరం చదువుతో యీ వుద్యోగాల్లోకి వస్తున్న మన పిల్లలు యీ మాటను నమ్మొచ్చా? జవాబు కావాలంటే, మొహాలు కనబడని చోట 'మనం' అనే భావన ఎట్లా పుడుతుందో ముందు చూడాలి.

గుంపు గుర్తింపుకి పాత స్నేహాలు, పాత పగలు అక్కర్లేదని హెన్రీ తాజ్‌ఫెల్ 1970 ప్రాంతంలో బ్రిస్టల్ బడిపిల్లలతో చేసిన ప్రయోగాలు చూపించాయి. పిల్లల్ని నామమాత్రపు కారణంతో రెండు గుంపులుగా విడదీశారు. ఒక ప్రయోగంలో ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్నదే ఆధారమని చెప్పారు. తన గుంపులో ఎవరున్నారో తెలియకపోయినా, తనకేమీ రాకపోయినా, డబ్బు పంచమంటే పిల్లలు సొంత గుంపువైపే మొగ్గారు. తాజ్‌ఫెల్ నాజీల కాలంలో కుటుంబాన్ని పోగొట్టుకున్న యూదుడు. యీ ప్రశ్న ఆయనకు వుత్త పాండిత్యం కాదు.

1990లో రస్సెల్ స్పియర్స్, మార్టిన్ లీ, స్టీఫెన్ లీ మరో అడుగు వేశారు. విద్యార్థులతో కంప్యూటర్ల ద్వారా చర్చలు చేయించారు. కొందరిని ఒకే గదిలో, కొందరిని వేర్వేరు గదుల్లో కూచోబెట్టారు. "మీరంతా ఒక గుంపు" అని ముందే గుర్తుచేసినవాళ్లలో, ఒకరికొకరు కనబడనివాళ్లే గుంపు అభిప్రాయం వైపు ఎక్కువగా జరిగారు. అంటే మనిషి కనబడనంత మాత్రాన గుంపు కరిగిపోదు. మనిషికీ మనిషికీ వుండే తేడాలు మరుగునపడి, అప్పటికి మనసులో ముందున్న గుంపే గట్టిపడుతుంది.

అసలు ప్రశ్న యిక్కడుంది. ముందున్న గుంపు ఏది? టీమా, కులమా? తెలుగువాళ్ల మధ్య కులాన్ని నేరుగా అడగడం తక్కువ. "యింటిపేరేంటి?", "మీది ఏ వూరు, వూళ్లో ఎటువైపు?", "నాన్నగారేం చేస్తారు?" అని అడుగుతారు. తెర మీద మనిషి గురించి తెలిసేది కొంచెమే గనక ఆ కొంచెమే మొత్తం మనిషై కూచుంటుంది. ఆఫీసు గ్రూపు పక్కనే నలుగురి వాట్సాప్ గ్రూపు ఒకటి మొలిచిందంటే, ఏ పని ఎవరికి, ఎవరి పేరు పైకి పంపాలి అన్నది అక్కడే తేలిపోతుంది. పెద్ద గ్రూపుకి కబురు మాత్రం వస్తుంది. వూరూ వాడా మళ్లీ విడిపోయినట్టే.

రెండో చిక్కు మౌనం. వేర్వేరు చోట్ల వుండి కలిసి పనిచేసిన విద్యార్థి బృందాల మీద కేథరిన్ క్రామ్టన్ 2001లో ఒక పరిశోధన ప్రచురించింది. దూరాన వున్నవాళ్ల పరిస్థితి కనబడదు గనక, వాళ్లు జవాబివ్వకపోతే తప్పును పరిస్థితిలో కాక మనిషిలో వెతుకుతారని అందులో తేలింది. 2020 మార్చి లాక్‌డౌన్‌తో ఐటీ వుద్యోగులు యింటి నుంచి పనిచేయాల్సి వచ్చింది. విడిగా గది వున్నవాడికీ, ఒక్క గదిలో యింటిల్లిపాదితో వున్నవాడికీ కెమెరా ఒకటి కాదు. వేస్తే యిల్లు బయటపడుతుంది, గోడ మీది అంబేద్కర్ ఫొటో బయటపడుతుంది. వెయ్యకపోతే "కలవడు", "చొరవ లేదు" అనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర ప్రమోషన్ దాకా వెంటాడుతుంది.

అట్లాగని దూరాన్ని తిట్టి లాభం లేదు. పక్కపక్కన బతికినంత మాత్రాన మనుషులు సమాజం కారనీ, దూరంగా వున్నంత మాత్రాన బయటివాళ్లు కారనీ, కలిసి చేసే పనిలో పాలు పంచుకోవడమే వాళ్లను కలుపుతుందనీ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించాడు. వూరూ వాడా తరతరాలుగా పక్కపక్కనే వున్నాయి. ఒక సమాజం అయ్యాయా?

అందుకని టీముల్లో మనం అడగాల్సింది "మనమంతా ఒకే కుటుంబం" అనే మాటల్ని కాదు. నిర్ణయాలు అందరూ చూసే చోట, రాతలో జరగాలి. ఎవరి పని వాళ్ల పేరుతో నమోదు కావాలి. మీటింగు నడిపే వంతు అందరికీ రావాలి. కెమెరా వెయ్యడం పనితనానికి కొలత కాకూడదు. అమెరికాలోని సియాటిల్ నగరం 2023లో తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. మనం చేరే కంపెనీ నిబంధనల్లో ఆ మాట వుందో లేదో చేరినప్పుడే చూసుకోవాలి. లేకపోతే ఒంటరిగా కాదు, నలుగురం కలిసి అడగాలి.